వడియాల కాపలాకి వెబ్‌క్యామ్: ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ సొంతంగా రాసుకోవడం ఎలా

ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండలో మా అమ్మకి ఒకటే టెన్షన్. డాబా మీద పాత చీర పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెడుతుంది, పక్కన నల్ల గొడుగు తెరిచిపెట్టి కిందకి దిగుతుంది. గొడుగుకి కాకులు భయపడతాయి. కోతులు భయపడవు. ఒక ఏడాది వడియాలతో పాటు గొడుగు కూడా పట్టుకుపోయాయి. అప్పుడే మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్, దానితో పాటు ఒక వెబ్‌క్యామ్ గుర్తొచ్చాయి. డాబా మీద ఏదైనా కదిలితే వంటింట్లో గంట మోగాలి, అంతే. ఆ ఒక్క కోరికతో మొదలైన ప్రోగ్రామ్ ఇప్పుడు నా ఆదివారం కాలక్షేపం. కోడ్ ఎవరైనా వాడుకునేలా బయట పెట్టాను. మీరూ అలాంటిది ఒకటి రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మలుపులో చతికిలపడతారో నాకు తెలిసినంతవరకూ చెబుతాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం వచ్చి ఉంటే చాలు.

నవ్వుకునేవాళ్లకి ఒక మాట. ప్రపంచంలో మొదటి వెబ్‌క్యామ్ పుట్టింది కూడా తిండి దగ్గరే. 1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో ట్రోజన్ రూమ్ అనే గది బయట కాఫీ కెటిల్ ఉండేది. వేరే అంతస్తుల నుంచి మెట్లు దిగి వచ్చేసరికి అది ఖాళీగా ఉండేది. విసుగొచ్చి అక్కడివాళ్లు ఆ కెటిల్ ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ కలిసి దాని బొమ్మ తమ తమ కంప్యూటర్లలో కనిపించేలా ప్రోగ్రామ్ రాశారు. బొమ్మ సైజు 128 బై 128 పిక్సెళ్లు, అంటే చుక్కలు, నలుపు తెలుపు. 1993లో అది వెబ్‌లోకి ఎక్కింది, 2001 ఆగస్టు 22న ఆపేశారు. కెటిల్‌ని వేలం వేస్తే జర్మనీ పత్రిక ష్పీగెల్ వెబ్‌సైటు 3,350 పౌండ్లకి కొనుక్కుంది. కాబట్టి వడియాల కోసం ప్రోగ్రామ్ రాయడం చిన్నతనమేమీ కాదు.

మొదటి పని: కాగితం మీద రెండు వాక్యాలు

కోడ్ జోలికి పోకముందు ఒక కాగితం తీసుకుని ఈ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఒక వాక్యం, ఏం చేయదో ఇంకో వాక్యం రాయండి. నాది ఇలా ఉంది. "డాబా మీద మేం గీసిన గళ్లలో ఏదైనా కదిలితే గంట మోగిస్తుంది, ఒక ఫొటో దాస్తుంది. వచ్చింది కోతా మనిషా అని చెప్పదు, వీడియో దాయదు, ఇంటర్నెట్‌కి వెళ్లదు."

రెండో వాక్యమే ముఖ్యం. సరదాగా మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతాయి. "ఎలాగూ రాస్తున్నాం కదా, ముఖం గుర్తుపట్టేది కూడా పెడదాం, ఫోన్‌కి మెసేజ్ వెళ్లేలా చేద్దాం" అనుకుంటాం. మూడో ఆదివారానికల్లా ఏదీ పనిచేయదు. నా దగ్గర అలా సగంలో ఆగిపోయినవి నాలుగున్నాయి.

మీ ఇంట్లో కోతుల బెడద లేకపోతే వేరే పని వెతుక్కోండి. సంపు నిండిందా, గేటు తీసి ఉందా, పిల్లి పాలగిన్నె దగ్గరికి వస్తోందా. మీకు నిజంగా అక్కర ఉన్న పనైతేనే దానితో రెండు నెలలు వేగగలుగుతారు.

సామాను

ఏ పాత ల్యాప్‌టాప్ అయినా పరవాలేదు. దానిలో విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. విండోస్‌లో కూడా ఇదంతా నడుస్తుంది గానీ, కెమెరాతో నేరుగా మాట్లాడి లోపల ఏం జరుగుతోందో చూడటానికి లినక్స్ తేలిక. వెబ్‌క్యామ్ కొంటుంటే డబ్బా మీద యూవీసీ అని ఉందేమో చూడండి. యూఎస్‌బీ కెమెరాలన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడటానికి 2003లో పెట్టుకున్న ఒప్పందం అది. దానికి లినక్స్‌లో 2008 నుంచీ, అంటే 2.6.26 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) నుంచీ, కెమెరాని నడిపే డ్రైవర్ లోపలే ఉంది. గుచ్చితే చాలు, సీడీలు, డ్రైవర్ల వేట ఏమీ ఉండదు. ఈ రోజుల్లో దొరికే కెమెరాలు దాదాపు అన్నీ ఇవే.

వైరు పొడవు చూసుకోండి. యూఎస్‌బీ 2.0 వైరు 5 మీటర్లు దాటకూడదు. డాబా నుంచి వంటింటికి వైరు లాగుదామని నేను రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపాను. కెమెరా కనిపించేది, పది నిమిషాలకి మాయమయ్యేది, మళ్లీ వచ్చేది. కోడ్‌లో తప్పుందనుకుని రెండు రోజులు తల బాదుకున్నాను. చివరికి ల్యాప్‌టాప్‌ని మెట్ల గది నీడలో పెట్టి, కెమెరాని కిటికీ ఊచకి కట్టి, గంట శబ్దానికి మాత్రం కిందకి స్పీకర్ వైరు లాగాను. మీరు కూడా కెమెరాకి ఎండ నేరుగా తగలకుండా, లెన్సు సూర్యుడి వైపు చూడకుండా కట్టండి.

కోడ్ రాసేముందు కెమెరాని అడగండి

ఈ మెట్టుని అందరూ దాటేస్తారు. నేనూ దాటేశాను. వీ4ఎల్-యూటిల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే అందులో వీ4ఎల్2-సీటీఎల్ అనే కమాండ్ వస్తుంది. దానికి "లిస్ట్ ఫార్మాట్స్ ఎక్స్‌ట్" అనే ఆప్షన్ ఇచ్చి నడిపితే, మీ కెమెరా ఏ సైజులో, ఏ ఫార్మాట్‌లో, సెకనుకి ఎన్ని ఫ్రేములు (విడి బొమ్మలు) ఇవ్వగలదో పట్టిక వేసి చూపిస్తుంది. నా కెమెరా పట్టికలో రెండు ఫార్మాట్లు కనిపించాయి: వైయూవైవీ, ఎంజేపెగ్. 640 బై 480 సైజుకి రెండిటిలోనూ 30 ఫ్రేములు. 1280 బై 720కి ఎంజేపెగ్‌లో 30, వైయూవైవీలో మాత్రం 10. అదే కెమెరా, అదే సైజు, మూడో వంతు వేగం. ఎందుకని?

లెక్క వేసి చూడండి, చాలా సంగతులు దీంతోనే అర్థమవుతాయి. వైయూవైవీ అంటే కుదించని పచ్చి బొమ్మ. ఒక్కో పిక్సెల్‌కి 2 బైట్లు. 640 ఇంటు 480 ఇంటు 2, అంటే ఒక ఫ్రేముకి 6,14,400 బైట్లు. సెకనుకి 30 ఫ్రేములంటే సుమారు 18.4 మెగాబైట్లు. ఇప్పుడు 1280 బై 720 తీసుకోండి. ఫ్రేముకి 18,43,200 బైట్లు, 30 ఫ్రేములకి 55 మెగాబైట్ల పైచిలుకు. యూఎస్‌బీ 2.0 సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు కదా, పట్టాలి కదా అనిపిస్తుంది. పట్టదు. వెబ్‌క్యామ్‌లు మామూలుగా వాడుకునే ఐసోక్రోనస్ (దారిలో ఇంత వాటా అని ముందే కేటాయించుకునే) పద్ధతిలో ఒక పరికరం ఒక దారిలో సెకనుకి పంపగలిగేది గరిష్ఠంగా 24.5 మెగాబైట్లే. 24.5ని 1.84తో భాగిస్తే 13 వస్తుంది. అందుకే కంపెనీవాళ్లు 10 ఫ్రేములని పట్టికలో రాసి ఊరుకున్నారు. ఎంజేపెగ్‌లో అయితే కెమెరా లోపలే ప్రతి ఫ్రేమునీ జేపెగ్ ఫొటోలా కుదించి పంపుతుంది. బరువు చాలా తగ్గుతుంది, 30 ఫ్రేములూ హాయిగా వస్తాయి. దానికి బదులుగా ఆ కుదింపు విప్పే పని ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద పడుతుంది.

ఇదే లెక్క ఇంకో చోట పనికొస్తుంది. ఒకే యూఎస్‌బీ హబ్‌కి రెండు కెమెరాలు గుచ్చితే రెండోది "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటుంది. డిస్క్ నిండిపోయిందనుకుని పాత సినిమాలు తీసేయకండి. నిండింది డిస్క్ కాదు, యూఎస్‌బీ దారి.

మన పనికి 640 బై 480 చాలు, సెకనుకి 5 ఫ్రేములు చాలు. కోతి ఎంత చురుకైనదైనా సెకనులో అయిదో వంతు కాలంలో వడియం ఎత్తుకుని మాయం కాలేదు.

మొదటి పది లైన్లు

పైథాన్‌లో ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ, అంటే బొమ్మలతో పనిచేసే రెడీమేడ్ కోడ్, వేసుకోండి. 1999లో ఇంటెల్ కంపెనీలో మొదలైన ప్రాజెక్ట్ అది. 4.5 వెర్షన్ నుంచి అపాచీ 2 లైసెన్స్ కింద ఉంది, కాబట్టి ఏ చిన్న ప్రోగ్రామ్‌లో వాడుకున్నా ఇబ్బంది లేదు. అందులో వీడియోక్యాప్చర్ అనే క్లాస్‌కి సున్నా అంకె ఇస్తే మొదటి కెమెరా తెరుచుకుంటుంది. తర్వాత ఒక వైల్ లూప్ పెట్టి, అందులో రీడ్ అని పిలిస్తే రెండు విలువలు తిరిగొస్తాయి: బొమ్మ దొరికిందా లేదా, దొరికితే ఆ బొమ్మ. దాన్ని ఐఎమ్‌షో ఫంక్షన్‌కి ఇస్తే స్క్రీన్ మీద ఒక కిటికీలో కనిపిస్తుంది. కీబోర్డు మీద క్యూ అక్షరం నొక్కితే లూప్ ఆగేలా ఒక షరతు, చివర కెమెరాని వదిలేసే రిలీజ్. అంతే.

వినడానికి ఇంతే గానీ చేతిలో పెట్టుకునేసరికి ఒక్కోటీ కరుస్తుంది. ఐఎమ్‌షో తర్వాత వెయిట్‌కీ పిలవకపోతే కిటికీ బూడిదరంగులో ఉండిపోతుంది, బొమ్మ రాదు. కీ కోసం ఎదురుచూడటం ఒక్కటే దాని పని కాదు, కిటికీని గీసే పని కూడా అప్పుడే జరుగుతుంది. రీడ్ ఇచ్చిన మొదటి విలువని చూడకుండా బొమ్మ మీదకి దూకితే, కెమెరా ఒక్క క్షణం తడబడినా ప్రోగ్రామ్ కూలిపోతుంది. ముఖాలు నీలంగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఓపెన్‌సీవీ రంగులని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో దాస్తుంది, మిగతా లైబ్రరీలు ఎక్కువగా దానికి తిరగేసి దాస్తాయి.

కెమెరా అసలు తెరుచుకోకపోతే మూడు చూడండి. మొదటిది, వేరే ప్రోగ్రామ్ ఏదైనా దాన్ని పట్టుకుని ఉందా. బ్రౌజర్‌లో మరిచిపోయిన వీడియో కాల్ ట్యాబ్ ఒకటి చాలు, ఒక కెమెరా నుంచి ఒకసారి ఒక ప్రోగ్రామే బొమ్మలు తీసుకోగలదు. రెండు, మీ యూజర్ "వీడియో" అనే గ్రూపులో ఉన్నాడా. మూడు, సరైన అంకె ఇచ్చారా. ఒకే కెమెరా గుచ్చినా లినక్స్‌లో వీడియో0, వీడియో1 అని రెండు కనిపించొచ్చు. రెండోదానిలో బొమ్మలు రావు, బొమ్మల గురించిన సమాచారం మాత్రమే వస్తుంది.

సైజు, ఫార్మాట్ మార్చడానికి సెట్ అనే ఫంక్షన్ ఉంది. మహా మొండిది. మీరడిగింది కెమెరాకి కుదరకపోతే దగ్గరలో ఉన్నదేదో పెట్టేసుకుని కిక్కురుమనకుండా కూర్చుంటుంది. అందుకని సెట్ చేసిన వెంటనే గెట్‌తో అడిగి, వచ్చిన విలువని స్క్రీన్ మీద ప్రింట్ చేయండి. ఫార్మాట్ ముందు, సైజు తర్వాత సెట్ చేస్తే గొడవలు తక్కువ.

వెలుతురు

నిజానికి నా సమయం సగం పైగా తిన్నది కోడ్ కాదు, వెలుతురు. రాత్రిపూట గదిలో కూర్చుని పరీక్షిస్తుంటే బొమ్మ మీద అడ్డంగా నల్లటి చారలు పాకుతుండేవి. ఏమీ కదలకపోయినా గంట మోగేది. సంగతేమిటంటే మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. కెమెరా ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం సెకనులో నూరో వంతుకో, దాని గుణిజానికో సరిపోతే చారలు రావు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్ కాబట్టి అక్కడి లెక్క 120వ వంతు. కెమెరా ఆ లెక్కలో ఉండిపోతే మన ఇళ్లలో చారలు పాకుతాయి. వీ4ఎల్2-సీటీఎల్‌లో "పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ" అని ఒక కంట్రోల్ ఉంటుంది. 1 అంటే 50 హెర్ట్‌జ్, 2 అంటే 60. నాది 2లో ఉంది. మార్చగానే చారలు పోయాయి. మీ ప్రోగ్రామ్ మొదలవగానే ఈ సెట్టింగ్ పెట్టేలా రాసుకోండి, చాలా కెమెరాలు తీసి మళ్లీ గుచ్చితే మరిచిపోతాయి.

ఇంకొకటి. చీకటి పడేకొద్దీ కెమెరా ఒక్కో ఫ్రేముకి ఎక్కువ సేపు వెలుతురు తీసుకుంటుంది, దానికోసం 30 ఫ్రేములని 15కి తగ్గించేస్తుంది. సాయంత్రం ప్రోగ్రామ్ మందగించిందని కోడ్‌ని అనుమానించకండి. ఇక తెరిచిన మొదటి ఒకట్రెండు సెకన్లు బొమ్మ నల్లగానో తెల్లగానో ఉండి తర్వాత సర్దుకుంటుంది. మొదటి 30 ఫ్రేములని చదివి పారేయండి.

కదలికని పట్టుకోవడం

బొమ్మని నలుపు తెలుపుకి మార్చి, 320 బై 240కి కుదించి, గాసియన్ బ్లర్‌తో కాస్త మసక చేయండి. మసక ఎందుకంటే సెన్సర్ ఇచ్చే చిన్న చిన్న చుక్కల గోల అణిగిపోతుంది. తర్వాత "ఖాళీ డాబా" ఎలా ఉంటుందో ఒక బొమ్మ గుర్తుపెట్టుకుని, ఇప్పటి బొమ్మతో తేడా తీయండి. ఆబ్స్‌డిఫ్ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది. పిక్సెల్ వెలుతురుని 0 నుంచి 255 దాకా కొలుస్తారు, ఏ పిక్సెల్‌లో తేడా 25 దాటిందో దాన్ని తెల్లగా, మిగతావి నల్లగా చేసి, తెల్లవి ఎన్నో లెక్కపెట్టండి. 320 బై 240లో మొత్తం 76,800 పిక్సెళ్లు. అందులో ఒక శాతం, అంటే 768 దాటితే ఏదో వచ్చినట్టు.

ఆ "ఖాళీ డాబా" బొమ్మ దగ్గరే కిటుకుంది. పొద్దున తీసిన బొమ్మతో మధ్యాహ్నం పోల్చితే ఎండ మారి, నీడ జరిగి మొత్తం తేడాగానే కనిపిస్తుంది. అందుకని ఆ బొమ్మని కూడా మెల్లగా మార్చుకుంటూ పోవాలి. పాతదానిలో 98 శాతం, కొత్తదానిలో 2 శాతం కలిపి ప్రతి ఫ్రేముకీ కొత్త ఖాళీ బొమ్మ తయారుచేయాలి. అక్యుములేట్‌వెయిటెడ్ అనే ఫంక్షన్ ఇందుకే ఉంది. దానికి దశాంశ సంఖ్యల బొమ్మ ఇవ్వాలి, మామూలు బొమ్మ ఇస్తే తిరగబడుతుంది.

మొదటి రోజు డాబా మీద పెట్టాను. పది నిమిషాలకోసారి గంట. వెళ్లి చూస్తే కోతీ లేదు, కాకీ లేదు. దాచిన ఫొటోలు తెరిస్తే అన్నిటిలోనూ దండెం మీద ఆరేసిన చీర కొంగు గాలికి లేచి ఉంది. దానికి మందు మాస్క్. వడియాలున్న చోటు తెలుపు, మిగతాదంతా నలుపుగా ఒక బొమ్మ గీసుకుని, తేడా బొమ్మని దానితో కలిపి నల్లచోట్లని కొట్టేయండి. 768 లెక్క కూడా అప్పుడు ఆ తెల్లచోటు సైజుకి తగ్గట్టు తగ్గించుకోవాలి. మౌస్‌తో నాలుగు మూలలు నొక్కితే మాస్క్ తయారయ్యేలా ఇరవై లైన్లు రాశాను. మొత్తం ప్రోగ్రామ్‌లో అమ్మ మెచ్చుకున్నది అదొక్కటే.

రెండో సమస్య మబ్బు. మబ్బు సూర్యుడికి అడ్డొస్తే డాబా అంతా ఒక్కసారి మారుతుంది. కోతి వస్తే అంతా మారదు, ఒక మూలే మారుతుంది. కాబట్టి మాస్క్ లోపల 60 శాతం పైగా తేడా వస్తే అది మబ్బు అనుకుని, గంట కొట్టకుండా ఖాళీ బొమ్మని కొత్తగా తీసుకోండి.

మూడోది మా అమ్మే. వడియాలు తిరగేయడానికి పైకి వెళ్తే చెవులు చిల్లులు పడేలా గంట. "నేనొస్తె మోగుడేందిరా? కోతులొస్తె గదా మోగాలె!" అంది. మనిషినీ కోతినీ వేరు చేసే మోడల్ పెట్టొచ్చు. నేను పెట్టలేదు. మెట్ల గదిలో ల్యాప్‌టాప్ మీద స్పేస్ కీ నొక్కితే పది నిమిషాలు గంట ఆగేలా చేశాను. దానికి పట్టింది ఆరు లైన్లు.

గంట కొడితే కళ్లు మూసుకునే ప్రోగ్రామ్

ఇది నేను చేసిన తప్పుల్లో నాకిష్టమైనది. గంట శబ్దం నాలుగు సెకన్లు. దాన్ని లూప్‌లోనే మోగించాను, అంటే ఆ నాలుగు సెకన్లూ ప్రోగ్రామ్ ఆగి ఉండేది. కోతి వచ్చింది, గంట మోగింది, కోతి పారిపోయింది. మళ్లీ గంట. డాబా ఖాళీ. ఇంకోసారి గంట.

కారణం ఏమిటంటే కెమెరా ఇచ్చే ఫ్రేములు ఒక క్యూలో నిలబడతాయి, ఓపెన్‌సీవీ లినక్స్‌లో మామూలుగా నాలుగింటిని నిలబెడుతుంది. మనం నాలుగు సెకన్లు చదవకుండా ఉండి తర్వాత రీడ్ పిలిస్తే వచ్చేది ఇప్పటి బొమ్మ కాదు, గంట కొట్టకముందు నిలబడిపోయిన పాత బొమ్మ. అందులో కోతి ఇంకా ఉంది. దాన్ని చూసి మళ్లీ గంట, మళ్లీ నాలుగు సెకన్ల నిద్ర, మళ్లీ క్యూలో ఇంకో పాత బొమ్మ.

దీనికి మందు, చదివే పనిని వేరే థ్రెడ్‌కి, అంటే ప్రోగ్రామ్‌లోనే పక్కన విడిగా నడిచే భాగానికి, అప్పగించడం. ఆ థ్రెడ్ ఆగకుండా చదువుతూ తాజా బొమ్మని ఒక్కదాన్నే చేతిలో ఉంచుకుంటుంది. మిగతా ప్రోగ్రామ్‌కి ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు ఆ ఒక్కదాన్ని తీసుకుంటుంది. గంటని సబ్‌ప్రాసెస్‌తో, అంటే విడి ప్రోగ్రామ్‌గా, వదిలేయండి, అది మోగుతుండగా మన లూప్ మన పని చేసుకుంటుంది. గంట ఒకసారి మోగాక ఇంకోసారి మోగడానికి మధ్య కనీసం 20 సెకన్లు ఉండేలా చూడండి. పక్కింటివాళ్ల సంగతి కూడా ఆలోచించాలి కదా.

బొమ్మ మీద తెలుగు అక్షరాలు

ఫొటో మీద "కోతులు వచ్చాయి" అని, టైముతో సహా రాయాలనిపించింది. ఓపెన్‌సీవీలో పుట్‌టెక్స్ట్ ఉంది కదా అని వాడితే వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. దాని లోపలి ఫాంట్లకి ఇంగ్లిష్ అక్షరాలు తప్ప తెలుగు రాదు. పిల్లో అనే లైబ్రరీకి వెళ్లి, ఒక తెలుగు ఫాంట్ ఇచ్చి రాయాలి. నోటో సాన్స్ తెలుగు గానీ, లోహిత్ తెలుగు గానీ, రెండూ ఓపెన్ ఫాంట్లే. అప్పుడు అక్షరాలు వచ్చాయి గానీ, "వచ్చాయి"లో చ వత్తు కిందకి వెళ్లకుండా పొల్లు చ పక్కన ఇంకో చ నిలబడింది. గుణింతాలు కూడా అక్షరానికి అంటుకోకుండా పక్కన వేలాడాయి. తెలుగులాంటి లిపికి అక్షరాలని కూర్చే పని వేరే ఉంటుంది, పిల్లోలో ఆ పని రాక్మ్ అనే లైబ్రరీ చేస్తుంది. అది దొరకకపోతే పిల్లో నోరెత్తకుండా ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పేర్చేస్తుంది. ఫ్రిబిడి ప్యాకేజీ వేసుకుని, పిల్లో ఫీచర్స్‌లో రాక్మ్ ఉందో లేదో చెక్ చేయండి. ఉందంటే వత్తులు వాటి చోటికి అవే వెళ్తాయి.

విండోస్‌లో నడిపేవాళ్లు ఫొటోలు దాచే ఫోల్డర్‌కి తెలుగులో పేరు పెట్టొద్దు. అక్కడ ఫొటోని దాచే ఐఎమ్‌రైట్ ఫంక్షన్ తెలుగు అక్షరాలున్న దారిలో ఫైలు రాయలేక ఊరికే ఫాల్స్ అని తిరిగిస్తుంది, ఎర్రర్ చూపించదు. ఫొటోలు పడుతున్నాయనే అనుకుంటాం, ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. ఏ సిస్టమ్ అయినా ఐఎమ్‌రైట్ తిరిగిచ్చిన విలువని చూడటం అలవాటు చేసుకోండి. సెకనుకి 5 ఫ్రేముల్లో ప్రతిదీ దాస్తే రెండు నిమిషాల కోతికి 600 ఫొటోలవుతాయి, అయిదు సెకన్లకి ఒకటి చాలు.

బయట పెట్టడం

కోడ్ పని చేసింది. దాన్ని కోడ్ పంచుకునే సైట్లయిన గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో పెడదాం. పెట్టేముందు, దయచేసి, పరీక్షల కోసం తీసిన ఫొటోల ఫోల్డర్‌ని గిట్‌ఇగ్నోర్‌లో, అంటే బయటికి పంపకూడనివాటి జాబితాలో, రాయండి. నేను మరిచిపోయాను. మొదటి కమిట్‌లోనే, అంటే మార్పులని మొదటిసారి నమోదు చేసినప్పుడే, మా చెల్లెలు నిద్రమొహంతో కాఫీ తాగుతున్న ఫొటోలు పదిహేడు బయటికి వెళ్లాయి. తర్వాత తీసేసి ఇంకో కమిట్ చేస్తే పోతాయనుకున్నాను. పోవు. ఈ మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ చరిత్రలో పాత కమిట్ తెరిచి ఎవరైనా చూడొచ్చు. గిట్-ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో చరిత్ర తిరగరాయొచ్చు, కానీ అప్పటికే కాపీ తీసుకున్నవాళ్ల దగ్గర అలాగే ఉంటాయి. నాది అప్పటికి ఎవరూ చూడలేదు కాబట్టి మొత్తం రెపోని (కోడ్, దాని చరిత్ర ఉండే చోటుని) చెరిపేసి మళ్లీ పెట్టుకున్నాను. చెల్లెలికి ఇప్పటికీ చెప్పలేదు.

లైసెన్స్ ఫైలు తప్పనిసరి. కోడ్ అందరికీ కనబడితే ఓపెన్ సోర్స్ అయిపోదు. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ అంతా మీదే, ఇంకొకరు దాన్ని వాడుకోవడానికి హక్కు లేదు. ఎవరేం చేసుకున్నా నా పేరు ఉంచితే చాలనుకుంటే ఎంఐటీ. మార్చి పంచేవాళ్లు తమ మార్పుల కోడ్ కూడా అవే షరతుల మీద ఇవ్వాలనుకుంటే జీపీఎల్. నేను జీపీఎల్ పెట్టాను. దాని మీద వాదనకి దిగితే ఈ వ్యాసం ఇవాళ పూర్తవదు.

ప్రోగ్రామ్‌ని పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో తెలుగు ఒక భాగం, ఇంగ్లిష్ ఒక భాగం రాయండి. ఏం వేసుకోవాలి, ఏ కమాండ్‌తో నడపాలి, ఏ కెమెరాతో మీరు పరీక్షించారు, మొదటి పేజీలో మీరు రాసుకున్న ఆ రెండు వాక్యాలు. వీలైతే వేరే కంప్యూటర్‌లో, మీ రీడ్‌మీ తప్ప ఇంకేమీ చూడకుండా, మొదటి నుంచి వేసి చూడండి. నా రీడ్‌మీలో రెండు ప్యాకేజీలు రాయడం మరిచిపోయానని అలాగే తెలిసింది.

తర్వాత తెలియనివాళ్లు రాస్తారు: "మీ ప్రోగ్రామ్ పనిచేయడం లేదు." అంతే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు రాసే చోట ముందే మూడు అడగండి: ఏ సిస్టమ్, ఏ కెమెరా, ఇందాక చెప్పిన ఫార్మాట్ల పట్టిక. ఆ పట్టిక చూస్తే సగం ఫిర్యాదులకి సమాధానం అందులోనే దొరుకుతుంది. ఇంకొందరు కొత్తవి అడుగుతారు, ఫోన్‌కి మెసేజ్ కావాలి, ముఖం గుర్తుపట్టాలి అని. ఆ రెండో వాక్యం చూపించి మర్యాదగా వద్దనండి, కోడ్ తీసుకుని వాళ్ల సొంతంగా చేసుకోమనండి. ఆదివారం పూట సరదాకి చేసే పనికి ఎవరికీ గడువులు ఇవ్వక్కర్లేదు.

ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి డాబా చూడాలని మాత్రం మీకే అనిపిస్తుంది. చిన్న వెబ్ సర్వర్ పెట్టి ఎంజేపెగ్ బొమ్మలు వరసగా పంపితే చాలు, తేలికే. కానీ సర్వర్ చిరునామాగా 127.0.0.1 (ఆ ల్యాప్‌టాప్‌కి మాత్రమే కనిపించేది) బదులు 0.0.0.0 అని రాశారంటే అదే వైఫైలో ఉన్న అందరికీ ఆ బొమ్మ కనబడుతుంది. పాస్‌వర్డ్ లేకుండా ఆ పని చేయొద్దు, రౌటర్‌లో పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి, అసలు తెరవొద్దు. కెమెరా కట్టేటప్పుడు పక్కింటి డాబా బొమ్మలో పడకుండా తిప్పండి. పడక తప్పకపోతే ఆ భాగాన్ని దాచేముందే నల్లగా కొట్టేయండి. మాస్క్ ఎలాగూ ఉంది కదా.

ఇంకా తేలనిది ఒకటుంది, ఉడుత. ఒక శాతం లెక్కకి అది అందదు, మరీ చిన్నది. అరశాతానికి తగ్గిస్తే వేపాకు రాలినా గంట మోగుతోంది. ఆకు పడి ఆగిపోతుంది, ఉడుత కదులుతూనే ఉంటుంది కాబట్టి వరసగా పది ఫ్రేముల్లో కదలిక ఉంటేనే లెక్కలోకి తీసుకుందామని చూశాను. ఉడుత కూడా వడియం దగ్గర కూర్చుని కదలకుండా తింటుందని అప్పుడు తెలిసింది. ఆ ఫిర్యాదు నా రెపోలో ఇంకా తెరిచే ఉంది. రాసింది నేనే.